జానెడు ఎత్తు నుంచి చరిత్ర

స్పెయిన్‌లోని బార్సిలోనా వయసు 2,000 ఏళ్ల పైమాట. అగస్టస్ చక్రవర్తి కాలంలో రోమన్లు బార్సినో అని పేరు పెట్టి కట్టుకున్న ఊరు. మా బావమరిది ఆ ఊరిని రెండు గంటల్లో చూసేశాడు, అదీ ఒక్క అడుగు వేయకుండా. గైడెడ్ సెగ్వే టూర్ అంటారట. మొదటి పదిహేను నిమిషాలు బండి ఎక్కడం, దిగడం, పడకుండా నిలబడడం నేర్పడానికి పోయాయి. మిగిలినవి 105 నిమిషాలు. లెక్క వేసి చూస్తే నిమిషానికి 19 ఏళ్లు.

ఈ వేగంతో పోతే 1939 నుంచి 1975 దాకా సాగిన ఫ్రాంకో నియంతృత్వం రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. ఆ రెండు నిమిషాలూ మావాళ్ల బృందం సిగ్నల్ దగ్గర ఆగి ఉందట. అందువల్ల మా బావమరిదికి ఫ్రాంకో తగల్లేదు. స్పెయిన్ ప్రజలకి లేని అదృష్టం.

తిరిగొచ్చినప్పటి నుంచి వాడు చరిత్రకారుడు. మా పెద్దమ్మ పెద్దకర్మ రోజు బంతిలో నా పక్కనే కూర్చుని, "యూరప్‌లో హెరిటేజ్‌ని ఎట్లా మెయింటైన్ చేస్తారో తెలుసునా బావా" అని మొదలుపెట్టాడు. సాంబారు వచ్చేలోపల రోమన్లు అయిపోయారు. పాయసానికి ఒలింపిక్స్ మొదలయ్యాయి. మజ్జిగ వడ్డించేవాడు కూడా ఆగి విన్నాడు, పాపం, వాడికి ఇంకో బంతి ఉందని మర్చిపోయి. మీ ఇంట్లోనూ ఇట్లాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. కాకపోతే మీవాడు దుబాయ్ దగ్గర ఆగిపోయి ఉంటాడు.

సెగ్వే చూడనివాళ్ల కోసం చెబుతున్నా. ఉపన్యాసం ఇచ్చే బల్లకి అటొకటి ఇటొకటి చక్రాలు బిగించినట్టు ఉంటుంది. నేలకి జానెడు ఎత్తులో నిలబడతాం. ముందుకు వంగితే ముందుకు పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. మనం పడిపోకుండా లోపల గైరోస్కోపులు చూసుకుంటాయి. అమెరికాలో డీన్ కేమెన్ అనే ఆయన 2001 డిసెంబరులో దీన్ని లోకానికి చూపించి, గుర్రబ్బండికి కారు ఏం చేసిందో కారుకి ఇది అదే చేస్తుందన్నాడు. కార్లన్నీ క్షేమం. 2003లో బుష్ గారు అమెరికా అధ్యక్షుడి హోదాలోనే దీని మీద నుంచి పడబోయి ఎట్లాగో నిలదొక్కుకున్నారు. 2015లో బీజింగ్‌లో ఉసేన్ బోల్ట్ 200 మీటర్లు గెలిచి, అభివాదం చేస్తూ ట్రాకు మీద నడుస్తుంటే, సెగ్వే మీద వస్తున్న కెమెరామన్ వెనక నుంచి తగిలి ఆయన్ని కింద పడేశాడు. భూమ్మీద ఎవరికీ అందని కాళ్లని అందుకున్నది ఇదొక్కటే.

సరే, మావాడు ఏం చూశాడు? 1888లో కట్టిన 60 మీటర్ల స్తంభం మీద కొలంబస్‌ని చూశాడు. "అమెరికా ఎక్కడుండాదో వేలు పెట్టి చూపిస్తా ఉండాడు బావా" అన్నాడు. ఆ వేలు సముద్రం వైపు చూపిస్తోంది నిజమే. అమెరికా మాత్రం దానికి వెనక వైపు ఉంది. తర్వాత బీచి వెంబడి నున్నటి దారిలో బండి తోలాడు. ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్ట్ చేసిన బంగారు రంగు చేప కింద ఫోటో దిగాడు. 'చరిత్ర ఒడిలో' అని స్టేటస్ పెట్టింది ఆ ఫోటోకే. ఆ చేప 1992 నాటిది. ఆ బీచిల్లో చాలా భాగం కూడా 1992 ఒలింపిక్స్ కోసం తీర్చిదిద్దినదే. అంతకుముందు అక్కడ ఫ్యాక్టరీలూ రైలు పట్టాలూ ఉండేవి. మా బావమరిది పుట్టింది 1988లో. అంటే చరిత్ర కంటే వీడే నాలుగేళ్లు పెద్ద. ఒడి ఎవరిదో మీరే తేల్చుకోండి.

"సాంతా మరియా దెల్ మార్ చూసినావా?" అని అడిగాను.

"అదేంది?"

"పెద్ద చర్చి. 1329లో మొదలుపెట్టి 1383లో పూర్తి చేసినారు. రేవులో మూటలు మోసే కూలీలు మోంజుయిక్ కొండ నుంచి రాళ్లు వీపు మీద మోసుకొచ్చి కట్టినారు. తలుపుల మీద రాజుల్ని కాదప్పా, ఆ కూలీల బొమ్మల్ని చెక్కుకున్నారు."

"లోపలికి బండి పోదు కదా బావా."

పోదు. 54 ఏళ్ల మోత. మా వాడి లెక్కలో మూడు నిమిషాలు కూడా కాదు. అయినా టైం చాల్లేదు.

ఇంతవరకూ ఊరుకున్నాను. ఎవరి డబ్బు వాళ్లది, ఎవరి జానెడు ఎత్తు వాళ్లది. కానీ మొన్న ఆదివారం వాడు ల్యాప్‌టాప్ తెరిచి, "మన తిరపతికి ఏం తక్కువ బావా? ఆడ సముద్రం ఉండాది, ఈడ కొండ ఉండాది. సెగ్వే టూర్ పెడితే సూపర్‌గా క్లిక్ అవుతాది" అన్నాడు. స్లైడ్లు కూడా తయారు చేసుకున్నాడు. పైవాళ్లకి ఇవ్వడానికి అర్జీ రాసి, కిందవాళ్ల సంతకాలు కూడగడుతున్నాడు. స్లైడ్లన్నీ చూశాను. సాధ్యాసాధ్యాలు పరిశీలించడం పౌరుడిగా నా బాధ్యత.

ఉదయం ఆరు గంటలు అనుకోండి. రైల్వే స్టేషన్ ఎదుట ఎనిమిది సెగ్వేలు వరసగా నిలబెట్టారు. ముందు పసుపు జెండాతో గైడు. ఎక్కబోయేవాళ్లు రాత్రే దర్శనం చేసుకుని కొండ దిగినవాళ్లు. అందరివీ గుండ్లు. గుండు మీద చందనం, చందనం మీద హెల్మెట్. పట్టు దొరక్క అది జారి ముక్కు మీదికి వస్తోంది. బరువు నిబంధన ఒకటుంది: 45 కిలోలకి తగ్గకూడదు, 118 కిలోలు దాటకూడదు, చేతిలో సామానుతో కలిపి. కాబట్టి బయల్దేరకముందే ఒక కుటుంబంలో పంచాయితీ మొదలైంది, పెద్దాయన్ని దింపాలా, లడ్డూల సంచి దింపాలా అని. పెద్దాయన్నే దింపారు.

కదిలారు. కాస్త దూరం పోయేసరికి గోవిందరాజస్వామి గోపురం. అసలు కష్టం ఇక్కడే. తెలుగువాడికి గోపురం కనబడితే చేతులు వాటంతటవే లేస్తాయి, నడుం దానంతటదే వంగుతుంది. ముందుకు వంగడమంటే సెగ్వేకి తెలిసిన అర్థం ఒక్కటే. భక్తి ఎంత ఎక్కువైతే వేగం అంత ఎక్కువ, గంటకి 20 కిలోమీటర్ల దాకా. మామూలు భక్తుడు పూలకొట్టు దగ్గర ఆగాడు. పరమ భక్తుడు పూలకొట్టులోంచి అవతలికి పోయాడు, మెడలో మూడు మూరల చామంతులతో. ఇంకొకాయన అదంతా చూసి భయపడి వెనక్కి వాలి, ఆకాశంలోకి చూసి "గోవిందా" అన్నాడు. ఆయన ఆగాడు. ఆయన వెనకున్న ఆటో ఆగలేదు. మొత్తం బృందంలో నిటారుగా, క్షేమంగా, సమవేగంతో పోతున్నది ఒక్కడే. వాడు నాస్తికుడు.

దారిలో వినాయకుడు కనిపించాడు. ఆయన కనిపించని దారేది? ఓ పెద్దావిడ బండి మీదే గుంజీళ్లు మొదలుపెట్టింది. బండి ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు. గైరోస్కోపులకి ఇంతటి పరీక్ష అమెరికాలో పెట్టి ఉండరు. ఒక్క ఆత్మప్రదక్షిణకి మాత్రం ఈ బండిని మించింది లేదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆ ఒక్క విషయంలో ఆగమ పండితులు కూడా వంక పెట్టలేరు.

ఈలోగా ఇద్దరు ఆటోవాళ్లు పక్కనే నడుపుకుంటూ వస్తున్నారు. "సార్, కొండకా? రూమ్ కావాల్నా? దర్శనం టికెట్లుండాయా?" సెగ్వే మీద ఉన్నాయన తల అడ్డంగా ఊపాడు. "అలిపిరి దాకా పోదు సార్ ఇది, చార్జింగ్ అయిపోతాది. నా ఆటో ఎక్కండి, మీ బండిని వెనక కట్టుకుందాం." మనలో మాట, ఈ మొత్తం ప్రాజెక్టులో సాంకేతికంగా నిలబడే ప్రతిపాదన అదొక్కటే.

ఎట్లాగో అలిపిరి చేరారు. ఎదురుగా 3,550 మెట్లు. సెగ్వేకి ఒక్క మెట్టు ఎక్కడం కూడా రాదు. ఇక్కడొక విశేషం చెప్పాలి. కేమెన్ గారు సెగ్వే కంటే ముందు ఐబాట్ అని ఒక చక్రాల కుర్చీ చేశాడు. నడవలేనివాళ్ల కోసం. అది మెట్లెక్కుతుంది! అందులోని తెలివితేటలే తీసి, నడవగలిగినవాళ్ల కోసం, మెట్లెక్కలేని బండి చేశాడు. మా బావమరిది అర్జీ పెడుతున్నది ఈ రెండోదాని కోసం. మోకాలి చిప్పలు అరిగిపోయిన వాళ్లమ్మ ఇంట్లోనే ఉంది. ఐబాట్ మాట వాడి స్లైడ్లలో ఎక్కడా లేదు.

ఆ మెట్ల దారిలోనే మోకాళ్ల పర్వతం వస్తుంది. కొండే సాలగ్రామమని, దాని మీద కాలు మోపకూడదని, రామానుజులవారు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకుంటారు. ఆయనా నేలకి కాలు తగలనివ్వలేదు, మావాడూ తగలనివ్వలేదు. ఈ పోలిక మావాడికి చెబితే తర్వాతి స్లైడులో పెట్టేస్తాడని చెప్పలేదు.

సరే, నవ్వింది చాలు. వాడు ఫోటో దిగిన ఆ బీచి పక్కన ఒకప్పుడు సొమొర్రోస్త్రో అనే గుడిసెల పేట ఉండేది. అలలు ఇళ్లలోకి వచ్చేంత దగ్గర. వేలమంది బతికారు అక్కడ. ఫ్లమెంకో నాట్యంలో లోకాన్ని ఊపేసిన కార్మెన్ అమాయా ఆ పేట పిల్లే. 1966లో ఆ తీరంలో నౌకాదళ విన్యాసాలు పెట్టుకున్నారు, ఫ్రాంకో వస్తున్నాడన్నారు, మిగిలిన గుడిసెలన్నీ హడావిడిగా కూలగొట్టారు. పెద్దమనిషి కళ్లకి పేదవాళ్లు అడ్డం రాకూడదు, అంతే. ఆ తర్వాత పాతికేళ్లకి అక్కడ నున్నటి దారి వచ్చింది, దాని మీద మావాడి బండి జర్రున పోయింది. నిమిషానికి 19 ఏళ్ల లెక్కలో కూలగొట్టిన ఆ ఒక్క ఏడాది మూడు సెకన్లు. తుమ్మితే దాటిపోతుంది.

ఇది మనకి తెలీని కథా? పెద్దవాళ్లెవరో దర్శనానికి వస్తున్నారంటే ముందురోజు సాయంత్రమే లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా బండ్లన్నీ మాయం. ఇడ్లీలమ్మే ఆమె స్టవ్వు చల్లారకముందే ఎత్తి ఆటోలో పడేసి, పొంగిన పిండి బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ పిండి రేపటికి పులిసిపోతుంది. దాని డబ్బులు ఎవరిస్తారు? ఆ వచ్చే పెద్దమనిషి కారు అద్దాలు దించను కూడా దించడు. ఎవరి కోసం తీశారు ఆ బండ్లని?

తమిళుల పెరటాసి నెల వస్తుంది. తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని గుంపులు గుంపులుగా నడిచొస్తారు. చెప్పులుండవు. చంకలో పిల్లలు. రోజుల తరబడి నడిచి ఊళ్లోకి అడుగుపెట్టాక వాళ్లకి నడవడానికి చోటు ఉండదు. కపిలతీర్థం రోడ్డులో ఫుట్‌పాత్ అనే వస్తువు మీద నడవాలంటే స్కూటర్ల మధ్య దూరాలి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరగాలి, కాలువ మీద బండ లేనిచోట దూకాలి. అందుకని వాళ్లు రోడ్డు అంచున తెల్లగీత మీద ఒకరి వెనక ఒకరు నడుస్తారు, కాలే తారు మీద. వెనక నుంచి కారు హారన్ కొడుతుంది. కొట్టేది ఎవడు? 'నడిచి కొండెక్కుతాను' అని మొక్కుకుని, అలిపిరిలో దిగడానికి ఏసీ కారులో పోతున్నవాడు! దేశంలో ఇంతమంది కాలినడకన వచ్చే ఊరు ఇంకెన్ని ఉన్నాయి? ఆ ఊళ్లో కాలికి చోటు లేదు. సిగ్గు లేదు మనకి. హెరిటేజ్ అట! 12 కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి ఉంది. అక్కడి నుంచి ఏలిన రాజుల కాలంలోనే, 1639లో, దామర్ల నాయకుడు ఈస్టిండియా కంపెనీకి సముద్రం ఒడ్డున ఓ ఇసుక నేల రాసిచ్చాడు. మద్రాసు పుట్టింది ఆ కాగితం మీదే. మావాడు తిరుపతిలో పుట్టి పెరిగి ఆ కోటలో కాలు పెట్టలేదు. ఎందుకంటే అక్కడ ఎండగా ఉంటుంది, నడవాలి.

అయినా అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. మావాడు ఆశ్చర్యపోయాడు. కారణం ఉంది. సెగ్వేకి గుంత ఉండకూడదు, బండ కదలకూడదు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండకూడదు. రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు కావాలి. చెప్పులు లేకుండా నడిచే మనుషులు అడిగితే ఇన్నేళ్లుగా వేయని దారిని, విదేశీ బండి అడిగితే ఆరు నెలల్లో వేస్తారు, రిబ్బన్ కూడా కత్తిరిస్తారు. స్టేషన్ నుంచి అలిపిరి దాకా ఆ దారి వేయమని అర్జీలో ఒక పేరా నేనే చేర్చాను.

మావాడికి చెప్పనిది ఒకటుంది. ఆ నిలబడి తోలే సెగ్వేల తయారీని కంపెనీ 2020లోనే ఆపేసింది. దారి పూర్తయ్యాక బండ్ల కోసం ఎదురుచూడమనండి. అందాకా జనం నడుచుకుంటారు.