కొత్త కిడ్నీకి ఒళ్ళు అలవాటు పడదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత కాలేజీ స్నేహితుల గ్రూపులో, ఆ తర్వాత మా పిన్ని నుంచి. నిన్న రాత్రి ఒక స్నేహితుడు ఏకంగా మా తమ్ముడికే పంపాడు, "నీకు పనికొస్తుందిరా, చూడు" అని. 2017లో మా తమ్ముడికి మా అమ్మ కిడ్నీ పెట్టారు. పంపినవాడికి ఆ సంగతి తెలుసు. తెలిసే, ప్రేమతోనే పంపాడు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. దాని పేరు "కిడ్నీ మార్పిడి: ఆసుపత్రులు చెప్పని ఏడు నిజాలు". ఆపరేషన్‌లో పాత కిడ్నీలు తీసి అమ్ముకుంటారట. దాత గుణాలు మనకు వస్తాయట. కిడ్నీ ఇచ్చినవాళ్ళు పదేళ్ళకు మించి బతకరట. బ్రెయిన్ డెడ్ అనేది అవయవాల కోసం అల్లిన కథట. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా రోజూ వేసుకునే మందులు సొంతవాళ్ళ కిడ్నీ అయితే అసలు అక్కర్లేదట, బయటివాళ్ళదైనా ఏడాది రెండేళ్ళలో ఒళ్ళు అలవాటు పడిపోతుంది కాబట్టి మాత్రలు ఆపేసి తిప్పతీగ కషాయంతో ఇమ్యూనిటీ పెంచుకోవాలట. మార్పిడి అయినవాళ్ళు టీకాల జోలికి పోకూడదట. చివరిది, ఆ మాత్రలే కిడ్నీని తినేస్తాయట. అడుగున ఒక ఫోన్ నంబరు, సీసా ధర.

మొదటి రెండింటి మీద ఎక్కువ సమయం పెట్టను. పాత కిడ్నీలను మామూలుగా అసలు తియ్యరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన, కాలికి వెళ్ళే రక్తనాళాలకు కలిపి పెడతారు. మా తమ్ముడి స్కానింగ్‌లో ఇప్పటికీ మూడు కిడ్నీలు కనిపిస్తాయి, రెండు ముడుచుకుపోయి, ఒకటి నిండుగా. దాత గుణాలు రావడం అనేది వట్టి మాట.

దాతలు పదేళ్ళకు మించి బతకరు అన్నదానికి జవాబు ఈ వైద్యం మొదలైన రోజునే ఉంది. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం రొనాల్డ్ హెరిక్ కిడ్నీ తీసి, అతని కవల సోదరుడు రిచర్డ్‌కు పెట్టింది. విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. ఇచ్చిన రొనాల్డ్ 2010 దాకా ఉన్నాడు. ఒక్క కిడ్నీతో 56 ఏళ్ళు. దాతకు ఏ ప్రమాదమూ లేదని నేను అనను. బీపీ, షుగరు చూపించుకుంటూ ఉండాలి, మా అమ్మ ఏటా పరీక్షలు చేయించుకుంటుంది. కానీ భర్తకో బిడ్డకో కిడ్నీ ఇద్దామనుకుంటున్న మనిషికి "పదేళ్ళలో పోతావు" అని చెప్పే హక్కు ఎవరిచ్చారు?

ఇక అసలు విషయం అయిదో పాయింటు. నేను ఇది రాయడానికి కూర్చున్నదే దాని కోసం.

హెరిక్ అన్నదమ్ములకు మందులు లేకుండా ఎలా నడిచింది? వాళ్ళు ఒకే అండం నుంచి పుట్టిన కవలలు. అది ఖాయం చేసుకోవడానికి ముందుగా ఒకరి చర్మం ముక్క ఇంకొకరికి అంటించి చూశారు, అది నిలబడింది. తల్లి కిడ్నీకి అది వర్తించదు. తల్లి జన్యువుల్లో బిడ్డకు వచ్చేది సగమే. తల్లిలో ఉన్న మిగతా సగం బిడ్డ ఒంటికి పరాయిదే.

పరాయిదని ఒళ్ళు ఎలా గుర్తుపడుతుంది? మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారయ్యే ప్రొటీన్ల తునకలను, మనిషి మనిషికీ తేడాగా ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే అణువుల్లో పెట్టి పైకి చూపిస్తూ ఉంటుంది, అరుగు మీద సరుకు పరిచినట్టు. ఒంటికి కాపలా కాసే టీ-కణాలు వాటిని తడుముకుంటూ తిరుగుతాయి. అక్కడ వైరస్ తునక కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. పరాయి మనిషి హెచ్‌ఎల్‌ఏ కనిపించినా అంతే. 1970లలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో జింకర్‌నాగెల్, డొహర్టీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఈ సంగతి కనిపెట్టారు, 1996లో నోబెల్ వచ్చింది. అప్పటిదాకా ఈ అణువులు ఎక్కువగా అవయవ మార్పిడికి అడ్డొచ్చేవిగానే తెలుసు. ఎవరి ఒంట్లోనూ పరాయి కిడ్నీ పెట్టని కాలం నుంచీ అవి ఎందుకున్నాయి అన్నదానికి అప్పుడు జవాబు దొరికింది: వైరస్‌ల కోసం. అంటే జలుబు వైరస్ నుంచి మా తమ్ముణ్ణి కాపాడే కణాలు, మా అమ్మ కిడ్నీ మీద పడే కణాలు వేర్వేరు సైన్యాలు కావు. ఒకటే సైన్యం. మా తమ్ముడు రోజూ వేసుకునే మాత్రలు ఆ సైన్యాన్ని అణచిపెట్టడానికే.

ఇప్పుడు చెప్పండి, "ఇమ్యూనిటీ పెంచుకో" అంటే ఎవరికి బలం పెంచమని?

"అలవాటు పడిపోతుంది" అన్న మాటకైతే ఎప్పుడో 1943లోనే జవాబు దొరికింది. యుద్ధకాలంలో పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త, థామస్ గిబ్సన్ అనే సర్జన్ కలిసి గ్లాస్గోలో కాలిన గాయాలున్న ఒక రోగికి వేరేవాళ్ళ చర్మం అంటించారు. కొన్నాళ్ళకు ఊడిపోయింది. అదే దాత చర్మం రెండోసారి అంటిస్తే ఇంకా త్వరగా ఊడిపోయింది. ఒళ్ళు అలవాటు పడలేదు, గుర్తుపెట్టుకుంది. టీకా పనిచేసేది కూడా ఆ గుర్తు వల్లే. ఏళ్ళు గడిచినా అది చెరగదు. కాలం గడిచేకొద్దీ డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, నిజమే. మొదటి నెలల్లో ఉన్నంత ఉద్ధృతి తర్వాత ఉండదు. కానీ తగ్గించడం వేరు, ఆపేయడం వేరు.

డయాలసిస్ రోజుల్లో మా తమ్ముడి పక్క మంచం మీద గాజువాక మేస్త్రీ గారు ఒకాయన ఉండేవారు. మేమంతా బాబాయి అనేవాళ్ళం. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు పక్కపక్కనే పడుకుంటే చుట్టరికం దానంతటదే వస్తుంది. ఆయనకు భార్య కిడ్నీ ఇచ్చింది. మా తమ్ముడి కంటే మూడు నెలల ముందే ఆపరేషన్ అయింది, బ్రహ్మాండంగా కోలుకున్నారు, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, అంకె పెరిగితే కిడ్నీ దెబ్బతింటున్నట్టు) 1.3. రెండేళ్ళ తర్వాత బీచ్ రోడ్డులో పొద్దున్న నడకలో కలిశారు. చేతిలో గ్లాసు, పచ్చటి రసం.

"ఏటమ్మా, రెండేళ్ళయిపోనాది. ఇంకా ఈ మాత్తర్లేటి? ఒళ్ళు దానికలవాటైపోనాది" అన్నారు. మాత్రలు మానేసి నెలయిందట. ఎవరో ఇలాంటి మెసేజే చూపించారట.

"వద్దు బాబాయ్, ఈ రోజే డాక్టరుకు చూపించుకోండి" అన్నాను. చేతులు పట్టుకుని మరీ చెప్పాను. "మూత్రం బాగానే అవుతుంది, నొప్పి లేదు, వాపు లేదు" అన్నారు. ఇక్కడే అందరూ మోసపోతారు. ఒళ్ళు కిడ్నీని తిరస్కరించేటప్పుడు చాలాసార్లు నొప్పి ఉండదు. రక్తపరీక్షలో తప్ప తెలియదు. మరో మూడు నెలలకు ఆయన ఆయాసంతో ఆసుపత్రిలో చేరేసరికి క్రియాటినిన్ 6 దాటింది. బయాప్సీ చేశారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, కిడ్నీ నిలబడలేదు. మళ్ళీ డయాలసిస్ మంచం మీదకే వచ్చారు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మూసుకుపోయిందని మెడలో గొట్టం వేశారు. ఆయన భార్య పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ నడుం పక్కన కోత గుర్తు అలాగే ఉంది, ఆవిడ ఇచ్చిన కిడ్నీ మాత్రం ఇద్దరిలో ఎవరికీ కాకుండా పోయింది. ఇంకో కిడ్నీ దొరికినా ఈసారి కుదరడం కష్టం అన్నారు, ఒంట్లో యాంటీబాడీలు తయారైపోయాయి కాబట్టి. 1943 నాటి ఆ రెండోసారి చర్మం కథే ఇది.

తిప్పతీగ గురించి ఒక మాట. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు కొన్ని ప్రచురించారు, కేంద్ర ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు సంబంధించింది, ఎటైనా తేలనివ్వండి. అవయవ మార్పిడి అయినవాళ్ళకు ఆ వాదనతో పని లేదు. ఆ సీసా మీద పెద్దక్షరాలతో రాసి అమ్ముతున్న గుణమే, వ్యాధినిరోధక శక్తిని పెంచడమే, వీళ్ళకు పనికిరానిది.

పైగా ఆ సైన్యాన్ని అణచిపెట్టే మాత్రల్లో ముఖ్యమైన టాక్రోలిమస్ చాలా సున్నితమైన మందు. కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే తిండి తింటే రక్తంలో మందు పెరిగిపోతుంది, పంపర పనస తినొద్దనేది అందుకే. ఎంజైమ్‌ను రెచ్చగొట్టే మందు పడితే తగ్గిపోతుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ అలాంటిదే. మా తమ్ముడికి డాక్టరు పెట్టిన హద్దు మిల్లీలీటరు రక్తంలో 5 నుంచి 8 నానోగ్రాములు. పరీక్ష రోజు మాత్ర చొక్కా జేబులో పెట్టుకుని వెళ్తాడు. మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. సూది తీసిన చోట దూది అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో మాత్ర నోట్లో వేసుకుని, ల్యాబ్ బెంచీ మీదే నీళ్ళు తాగుతాడు. ఇంత లెక్కగా నడిచే మందు మీద, ఏ చెట్టుదో ఎంత చిక్కనిదో తెలియని కషాయం పోస్తారా?

ఏడో పాయింటు మాత్రలే కిడ్నీని తినేస్తాయి అన్నది. ఇందులో నిజం ఉంది, ఒప్పుకుంటాను. టాక్రోలిమస్ ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలో మచ్చ కట్టడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. చేతులు వణుకుతాయి. మా తమ్ముడు టీ కప్పు సాసర్‌తో పట్టుకోడు, గలగలమంటుందని గ్లాసులో పొయ్యమంటాడు. రెండో ఏడాది షుగరు కూడా వచ్చింది. అణచిపెట్టిన ఒంట్లో నిద్రపోతున్న వైరస్‌లు లేస్తాయి. వాటిలో బీకే వైరస్ ఒకటి. 1971లో ఒక కిడ్నీ మార్పిడి రోగి మూత్రంలో దాన్ని కనిపెట్టి, అతని పేరులోని మొదటి అక్షరాలే దానికి పెట్టారు. పెద్దవాళ్ళలో చాలామంది కిడ్నీల్లో అది ఊరికే పడుంటుంది. మా తమ్ముడికి ఏడో నెలలో అది లేచి క్రియాటినిన్ 1.2 నుంచి 1.7కు పోయింది. అప్పుడు డాక్టరు చేసిందేమిటి? మైకోఫెనొలేట్ అనే ఇంకో అణచే మాత్రను సగానికి తగ్గించారు. అవును, మందు తగ్గించడమే వైద్యం. కానీ రెండు వారాలకోసారి రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెడుతూ, క్రియాటినిన్ మళ్ళీ 1.4కు దిగేదాకా కంటి మీద కునుకు లేకుండా తగ్గించారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మందులు పూర్తిగా మానేసి బాగున్నవాళ్ళు ప్రపంచంలో కొందరు ఉన్నారు, ఎక్కువగా కాలేయ మార్పిడి అయినవాళ్ళలో. బోస్టన్‌లో, స్టాన్‌ఫోర్డ్‌లో కిడ్నీతో పాటు అదే దాత మూలకణాలు కూడా ఎక్కించి కొందరికి మందులు ఆపగలిగారు. వాళ్ళెవరూ ఫోన్‌లో మెసేజ్ చూసి ఆపినవాళ్ళు కారు.

జనం ఈ మెసేజ్‌లు ఎందుకు నమ్ముతారో కూడా నాకు తెలుసు. ఓపీలో డాక్టరు ఇచ్చేది మూడు నిమిషాలు. ఎన్నాళ్ళు వాడాలి, చెయ్యి ఎందుకు వణుకుతోంది అని అడిగితే "వాడండి అంతే" అని తర్వాతి పేరు పిలిచిన చోట్లున్నాయి, మాకూ జరిగింది. నెలనెలా మందుల ఖర్చు ఇంకో బరువు. ఆ ఖాళీలోకే ఈ సీసా అమ్మేవాళ్ళు దూరతారు.

టీకాల గురించి చెప్పినదాంట్లో సగం నిజం. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు, తట్టు, అమ్మవారు లాంటివాటివి, మార్పిడి తర్వాత వేయరు. ఫ్లూ, హెపటైటిస్-బి, న్యుమోనియా ఇంజెక్షన్లు వేయించుకోవాలి. వీళ్ళకు టీకా తక్కువగా పట్టడం నిజమే. 2021లో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు అవయవ మార్పిడి అయిన 658 మందిని పరీక్షిస్తే, కోవిడ్ టీకా రెండు డోసుల తర్వాత యాంటీబాడీలు వచ్చింది 54 శాతానికే. అందుకే ఇంట్లోవాళ్ళందరం వేయించుకున్నాం. మా తమ్ముడి ఒంట్లో లేని కాపలా మేము ఇంటి గుమ్మం దగ్గర కాయాలి.

బ్రెయిన్ డెడ్ కథ అన్నవాళ్ళ మీద నాకు కోపం కంటే బాధ ఎక్కువ. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకం పెట్టాలి. అవయవం పెట్టే బృందంలోని డాక్టరు ఆ బోర్డులో ఉండకూడదు. వెంటిలేటర్ తీసి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా సొంతంగా ఒక్క శ్వాసైనా తీసుకుంటాడేమో చూస్తారు. అప్పుడు కూడా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విశాఖ కేజీహెచ్‌కు వచ్చేవాళ్ళను చూడండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఒకే ఇంట్లో ఇద్దరేసి, ముగ్గురేసిని పట్టుకుంటే, ఇంట్లో కిడ్నీ ఇచ్చేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? వాళ్ళకు ఉన్న ఆశ అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలే. ఆ కుటుంబాల మనసులో విషం పోస్తున్నది ఈ మెసేజే.

నిన్న రాత్రి ఆ నంబరుకు ఫోన్ చేశాను. క్రియాటినిన్ ఎంత అని అడగలేదు, ఆపరేషన్ ఎప్పుడైంది అని అడగలేదు. "పది రోజుల్లో ఇంగ్లీషు మందులన్నీ ఆపించేస్తాం మేడమ్" అన్నాడు. ఏ మందులు ఆపిస్తారు, పేర్లు చెప్పండి అన్నాను. పెట్టేశాడు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఇప్పటికే ఆపేసి ఉంటే, భయపడి రెండు మూడు రోజుల మాత్రలు ఒకేసారి మింగకండి. రేపు పొద్దున్నే మీ కిడ్నీ డాక్టరు దగ్గరకు వెళ్ళి క్రియాటినిన్, మందు లెవెల్ చేయించండి. ఎన్ని రోజులు మానేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారు, తిట్టించుకోండి. తాగిన కషాయం సీసా కూడా చేతిలో పట్టుకెళ్ళండి.