తోడికోడళ్లు కలిసిపోతే ఎలా?

మన సంస్కృతికి అసలు ప్రమాదం ఎక్కడుందో విజయవాడ సత్యనారాయణపురంలో, మా అత్తయ్య ఇంట్లో, ఏడున్నర సీరియల్ ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా నాకు బోధపడింది. తెరమీద పెద్దకోడలు చిన్నకోడలి పాలగ్లాసులో ఏదో పొడి కలుపుతోంది. అత్తయ్య రెప్ప వేయడం లేదు. ఇంటిల్లిపాదీ చూడదగ్గ కార్యక్రమమంటే అదీ.

1998లో మన దేశంలో విడుదలైన దీపా మెహతా ‘ఫైర్’లోనూ ఇద్దరు తోడికోడళ్లే. షబానా అజ్మీ, నందితా దాస్. ఢిల్లీలో ఉమ్మడి కాపురం, ఒకటే వంటిల్లు. కాకపోతే వీళ్లు పాలల్లో ఏమీ కలుపుకోలేదు, ప్రేమించుకున్నారు. దాంతో పాపం శివసేన వాళ్లు ముంబై, ఢిల్లీల్లో థియేటర్ల మీద పడాల్సి వచ్చింది. మరి తోడికోడళ్లు అన్యోన్యంగా ఉంటే సీరియళ్లు ఏమైపోవాలి? సెన్సార్ వాళ్లు అప్పటికే తమ జాగ్రత్తలో తామున్నారు. ఒక్క సీనూ కోయలేదు గానీ, హిందీ వెర్షన్‌లో నందిత పాత్ర సీత పేరును నీతగా మార్పించారు. ‘స’ తీసి ‘న’ పెట్టారు, ధర్మం నిలబడింది. రెండో ఆవిడ పేరు రాధ. దాని జోలికి ఎందుకు వెళ్లలేదో పురాణాలు తెలిసినవాళ్లే చెప్పాలి.

తెలుగువాళ్లం ఇంకా తెలివైనవాళ్లం. 2018 ఫిబ్రవరిలో, స్వలింగ సంబంధాలను నేరమన్న సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు తీర్పు సెప్టెంబరులో రాకముందే, ‘అ!’ సినిమాలో నిత్యా మీనన్, ఈషా రెబ్బా జంటగా కనిపించారు. పెద్దల చెవిన పెళ్లి మాట కూడా వేశారు. తీరా చూస్తే ఆ పాత్రలన్నీ ఒకావిడ మనసులోనివేనని చివర్లో తేలింది. హమ్మయ్య! బెజవాడలో వాళ్లకెవరూ ఇల్లు అద్దెకివ్వాల్సిన పని తప్పింది.

2022లో మన సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థి రాంగోపాల్ వర్మ కూడా ‘డేంజరస్’ సినిమాతో ఓ చెయ్యి వేశారు. ప్రేమ ఇద్దరాడవాళ్లదే, చూపు మాత్రం నేల టికెట్టు మగాడిది.

మా అత్తయ్య మేడమీద వాటాకి ‘ఆడపిల్లలకు మాత్రమే’ అని బోర్డుంటుంది. మగపిల్లలు గడప తొక్కకూడదని షరతు. మూడేళ్లుగా ఉంటున్న ఇద్దరమ్మాయిలు ఆ షరతును పాటించినంత నిష్ఠగా ఇంతవరకూ ఎవరూ పాటించలేదు. ‘బంగారు తల్లులు, అక్కాచెల్లెళ్లలా ఉంటారు’ అని వీధంతా మెచ్చుకుంటుంది. సొంత అక్కాచెల్లెళ్లు అలా ఉండగా ఈ వీధిలో నేనైతే చూడలేదు.

మొన్న టీవీలో ‘అ!’ నడుస్తోంది. పెళ్లి మాట వచ్చేసరికి అత్తయ్య ఈనెలు తీయడం ఆపింది. నాకు టెన్షన్. రిమోట్ కనబడదు.

“అంటే, ఇద్దరూ కోడళ్లేనా?”

“అవునత్తయ్యా.”

కాసేపు లెక్కేసుకుంది. “అయ్యో, ఇద్దరికీ అత్తపోరేనన్నమాట!”

తర్వాత మేడమెట్ల వైపు చూసి, పళ్లెంలోంచి రెండు గుప్పిళ్ల చిక్కుడుకాయలు గిన్నెలో వేసి నా చేతికిచ్చింది.

“పైన పిల్లలకిచ్చిరా. తలుపు కొట్టి పిలువు, సరాసరి లోపలికెళ్లిపోకు.”