వేరు పట్టని నెపంథిస్ కొమ్మ గారికి

మహారాజశ్రీ నెపంథిస్ కొమ్మ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇవాళ పొద్దున తమరిని కప్పులోంచి పైకి లాగాను. లాగాను అనడం కూడా అతిశయోక్తే. రెండు వేళ్లతో పట్టుకోగానే తమరే వచ్చేశారు, ఇన్నాళ్లూ అక్కడ నిలబడింది మొహమాటానికే అన్నట్టు. అడుగున నల్లగా కనిపించేసరికి నా గుండె ఒక్క క్షణం పొంగింది. తమరిది కూజాల్లాంటి ఆకులతో పురుగుల్ని పట్టి తినే మొక్కల వంశం, అందులో వేళ్లు నల్లగా, వెంట్రుకల్లా ఉంటాయి కదా! ముట్టుకుంటే మెత్తగా తగిలింది. కుళ్లు.

పద్నాలుగు వారాలండీ.

మూడు కణుపులుండేలా కోశాను. కోసే ముందు బ్లేడును స్పిరిట్‌తో తుడిచాను. తేమ పోకుండా ఆకుల్ని సగానికి కత్తిరించాను. రూటింగ్ పౌడర్ అద్ది, స్ఫాగ్నమ్ నాచులో కూర్చోబెట్టి, పైన పాలిథిన్ కవరు కప్పాను. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి, తమరికి పడవు. అందుకని ఆ నీళ్లు నేను తాగి, డిస్టిల్డ్ వాటర్ తమరికి పోశాను. పైగా తమరు వెంట్రాటా. ఎవరి చేతిలోనైనా బతికేస్తుందని పేరున్న సంకరం. ఆ "ఎవరైనా"లో నేను లేనని ఇవాళ తేలింది.

విత్తనాల దారి పట్టొచ్చుగా అంటారేమో. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పూసేదాకా ఏది ఏదో తెలియదు. రెండూ ఒకే సమయంలో పూయాలి. తీరా విత్తనం వచ్చినా నాలుగు రోజులు దాచుకునే రకం కాదు, వెంటనే చల్లాలి. తమరి తల్లిగారు ఇంతవరకు పూయనే లేదు, సంబంధాలు చూడటం తర్వాతి మాట.

తల్లిగారి గురించి ఒక్క మాట. పురుగుల్ని తింటారని కదా తెచ్చుకున్నాం? నిన్న ఒక చీమ ఆవిడ కూజా అంచు మీద తీరిగ్గా వాహ్యాళి చేసి, మూత కింద తేనె తాగి, నింపాదిగా ఇంటికెళ్లింది. అంచు తడిగా ఉంటేనే జారుతుందట. పొడిగా ఉన్నంతసేపూ అన్నదాన సత్రమే.

సరే, అసలు విషయానికొస్తాను. తమరు వేరు వెయ్యనందుకు కాదు నా బాధ. ఆరో వారంలో పక్క కణుపు నుంచి ఎర్రటి చిగురు వేశారు చూడండి, అందుకు. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. తొమ్మిదో వారానికి అది ఆకైంది, ఆకు కొసన తీగ వచ్చింది, తీగ చివర ఆవగింజంత బుడిపె. కూజా! కింద ఒక్క వేరు లేకుండా, కాడలో దాచుకున్నదంతా కరగబెట్టి, పైన కూజా కట్టడానికి కూర్చున్నారు తమరు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. ఆ ఈగలైనా ఉంటే తమరికి భోజనమన్నా అయ్యేది.

పదో వారంలో కప్పు గోడకు ఆనుకుని నల్లటి పోగొకటి కనిపించింది. వేరే అనుకున్నాను. రోజూ టార్చి వేసి చూసుకున్నాను. పెరగలేదు. వేరు కుదురుకుంటోందిలే, తొందరెందుకు అని సర్దిచెప్పుకున్నాను. అది నాచులోని పాత పీచు.

ఎన్నిసార్లు కొంచెం లాగి చూద్దామనుకున్నాను! సన్నని వేళ్లు, పుటుక్కున తెగుతాయని ప్రతిసారీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లేని వేళ్లకు దెబ్బ తగులుతుందని మూడు నెలలు భయపడ్డానురా నేను! సిగ్గుందా నీకు? నాటిన మర్నాడే వాడిపోయి ఉంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేవాణ్ని. ఆకు పచ్చగా పెట్టుకుని, చిగురు వేసి, కూజా చూపించి మరీ ముంచావు. మీవాళ్లు ఆశ చూపించి లోపల పడేసేది పురుగుల్నే అని చదువుకున్నాను.

లిన్నేయస్ మహాశయుడు 1737లో మీకు నెపంథిస్ అని పేరు పెట్టాడు. పాత గ్రీకు కథలో హెలెన్ ద్రాక్షసారాలో కలిపిచ్చిన, దుఃఖం మరిపించే మందు పేరది. ఆయన కొమ్మ నాటి ఉండడు.

కోపంలో నిన్ను చెత్తబుట్ట దాకా తీసుకెళ్లిన మాట నిజం. దారిలో కొస చూశాను. ఆవగింజ కాస్తా గోధుమ గింజంత అయింది. వచ్చి, నల్లబడ్డ ముక్క కోసేశాను. లోపల పచ్చగానే ఉంది. రెండు కణుపులు మిగిలాయి. కొత్త నాచు నానబెట్టాను, మళ్లీ కవరు కప్పాను. నిన్ను కోసిన చోటికి కింద మీ అమ్మ రెండు పిలకలు వేసింది, అది కూడా ఇవాళే చూశాను. నీకంటే ఆవిడే నయం.

కప్పు మీద చీటీ అంటించాను. ఈసారి దాని మీద తేదీ వెయ్యలేదు.

ఇట్లు,
తమరి నీళ్ల మనిషి