రెండు కార్యాలయాల మధ్య వికలాంగ కార్మికుడు

1948 నాటి కనీస వేతనాల చట్టంలో 26వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ చాలా చిన్నది. వికలాంగులైన ఉద్యోగుల వేతనాలకు ఈ చట్టం వర్తించదని ప్రభుత్వం ఆదేశించవచ్చన్నది దాని సారాంశం. ఇంతకన్నా తక్కువ కూలి ఎవరికీ ఇవ్వకూడదని గీత గీసిన చట్టమే, వికలాంగుడి దగ్గరికి వచ్చేసరికి ఆ గీతను చెరిపే అధికారాన్ని ప్రభుత్వం చేతికిచ్చింది. ఆ అధికారాన్ని వాడినా వాడకపోయినా, వికలాంగుడి పని సగం పనే అన్న భావన స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోపే చట్టంలో చోటు సంపాదించుకుని, ఏడు దశాబ్దాలకు పైగా అక్కడే ఉండిపోయింది.

2025 నవంబరు 21న వేతనాల కోడ్ అమల్లోకి రావడంతో పాత చట్టం రద్దయింది. అయితే కొత్త కోడ్ మూడో సెక్షన్ వేతనాల్లో వివక్షను నిషేధిస్తూ లింగ ప్రాతిపదికను మాత్రమే పేర్కొంది. వైకల్యం మాట అందులో లేదు. వివక్ష కూడదన్న మాట 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. కూలి ఎంత ఇవ్వాలన్న మాట కార్మిక చట్టంలో ఉంది. ఈ రెండింటినీ కలిపి చదివి, కలిపి వాదించే పని హైదరాబాద్‌లో ఇంకా గట్టిగా మొదలుకాలేదన్నదే నా ఫిర్యాదు. (ప్రభుత్వం ఇప్పుడు దివ్యాంగులు అంటోంది. ఈ నగరంలో హక్కుల కోసం రోడ్డెక్కినవారు వికలాంగులు అన్న పేరుతోనే పోరాడారు కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను.)

నగరంలో కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. వికలాంగుల సంక్షేమ శాఖ మలక్‌పేటలో, నల్గొండ చౌరస్తా దగ్గరి వికలాంగుల సంక్షేమ భవన్‌లో ఉంది. పనిచేస్తుండగా చెయ్యి పోగొట్టుకున్న మనిషి మొదటి భవనంలో కార్మికుడు, రెండో భవనంలో వికలాంగుడు. కూలి బకాయి తేల్చే కార్మిక శాఖ అధికారి, ఆ మనిషి చేయగలిగిన మరో పని చూపించమని యజమానిని ఆదేశించడు. వికలాంగుల హక్కుల చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర కమిషనర్ వివక్షపై విచారణ జరిపి సిఫారసు చేయగలరు కానీ, కూలి లెక్క తేల్చరు. ఒకే ప్రమాదం రెండు ఫైళ్లుగా చీలి, రెండూ బలహీనపడతాయి.

బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో పదిమందికన్నా తక్కువ మంది పనిచేసే, ఈఎస్ఐ వర్తించని ఒక చిన్న షెడ్డును ఊహించండి. లోహపు రేకులను అచ్చుకొట్టే పవర్ ప్రెస్ మీద పనిచేసే ముప్పై ఏళ్ల యువకుడికి మూడు వేళ్లు తెగిపోయాయి. ఇలాంటివారు న్యాయవాది దగ్గరికి వచ్చేటప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, యజమాని ఇచ్చి ఉంటే ఒకటో రెండో పేస్లిప్పులు ఉంటాయి. ఆ కవరులోని రెండు అంకెలే అతని భవిష్యత్తును తేలుస్తాయి. ఒకటి జీతం, రెండోది వైకల్య శాతం.

పనిలో ప్రమాదాలకు యజమాని చెల్లించవలసిన పరిహారానికి చట్టం చెప్పే లెక్క ఇలా సాగుతుంది. నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, సంపాదనా సామర్థ్యం ఎంత శాతం పోయిందో అంత మేరకు ఇస్తారు. ముప్పై ఏళ్ల వయసుకు ఆ గుణకం 207.98. ఒక చేతి మూడు వేళ్లు పోతే షెడ్యూలు ప్రకారం నష్టం 30 శాతం. పేస్లిప్పులో 10,000 రూపాయలు ఉంటే అతనికి వచ్చేది 3,74,364 రూపాయలు. నిజంగా అందుకునే జీతం 15,000 అయి, ప్రెస్ మీద కానీ అప్పటివరకు తెలిసిన మరే పనిలో కానీ ఇక నిలబడలేడని, కాబట్టి నష్టం నూటికి నూరు శాతమని రుజువు చేయగలిగితే, వచ్చేది 18,71,820 రూపాయలు. మనిషి అదే, ప్రమాదం అదే. పీఎఫ్ తప్పించుకోవడానికి కాగితం మీద జీతం తగ్గించి రాసే అలవాటు, ఏళ్ల తరబడి కనీస వేతనాలను సవరించకుండా వదిలేసిన నిర్లక్ష్యం, ఈ రెండూ కలిసి తెగిన వేళ్ల ధరను కూడా తగ్గిస్తున్నాయి. తెలంగాణలో 2021లో ఐదు రంగాలకు కనీస వేతనాలు సవరిస్తూ ఉత్తర్వులు వెలువడినా, గెజిట్‌లో ప్రచురించకపోవడంతో అవి అమలుకు నోచుకోలేదు. చివరికి హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. వేతన సవరణను అందరూ కార్మిక సంఘాల వ్యవహారంగానే చూస్తారు. రేపు ప్రమాదంలో వికలాంగుడయ్యే మనిషికి ఎంత పరిహారం అందాలో కూడా ఆ రోజే నిర్ణయమవుతోందని గుర్తించేవారు తక్కువ.

నూరు శాతం అన్న వాదన గాలిలోంచి పుట్టింది కాదు. 1976లోనే సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో దానికి పునాది వేసింది. అతని ఎడమ చెయ్యి మోచేతి పైవరకు తీసేయవలసి వచ్చింది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం సంపూర్ణమేనని కోర్టు తేల్చింది. డాక్టరు రాసే శాతం శరీరానికి సంబంధించింది, కోర్టు చూడవలసింది బతుకుతెరువు అన్నది ఆ తీర్పు సారం. అదే 30 శాతం సదరం కాగితం మీద ఉంటే మాత్రం కథ మారిపోతుంది. 40 శాతం దాటితే కానీ రిజర్వేషన్ లేదు, నెలకు 4,016 రూపాయల పింఛను లేదు. యజమాని దృష్టిలో పనికిరాని చెయ్యి, మలక్‌పేట లెక్కలో తగినంత వైకల్యం లేని చెయ్యి అవుతుంది. అయితే వికలాంగుల హక్కుల చట్టంలో వివక్షను నిషేధించే మూడో సెక్షన్‌కు ఈ 40 శాతం గడప లేదు. 2021లో వికాస్ కుమార్ కేసులో, రాసేటప్పుడు చేతివేళ్లు బిగుసుకుపోయే సివిల్స్ అభ్యర్థికి 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా పరీక్ష రాసిపెట్టే సహాయకుడిని అనుమతించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అర్హత పరీక్ష రాసే విద్యార్థికి దక్కిన ఈ సూత్రాన్ని ప్రెస్ షాపు కార్మికుడి కోసం ఎందుకు వాదించకూడదు? వికలాంగుల హక్కులపై మనం గెలిచిన పెద్ద తీర్పుల్లో ఎక్కువ భాగం పరీక్షలు, ప్రభుత్వ నియామకాలు, పదోన్నతుల చుట్టూ తిరిగినవే. వాటి విలువను నేను తగ్గించడం లేదు. అంధుడైన సీనియర్ న్యాయవాది ఎస్.కె. రుంగ్టా వంటివారు దశాబ్దాలు పోరాడకపోతే 2013 నాటి నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ తీర్పు వచ్చేదే కాదు. కానీ ఆ వెలుగు షెడ్డు గుమ్మం దాకా చేరలేదు.

రెండు చట్టాలను కలిపి వాదిస్తే ఏం జరుగుతుందో అమెరికాలో ఒక కేసు చూపించింది. అక్కడి 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టంలోనూ వికలాంగులకు తక్కువ కూలి చెల్లించేందుకు అనుమతులిచ్చే 14(సి) అన్న సెక్షన్ ఉంది. అయోవా రాష్ట్రంలో టర్కీ కోళ్ల మాంసం కర్మాగారంలో పనిచేసిన 32 మంది మేధో వైకల్యం గల మగవారికి ఏళ్ల తరబడి నెలకు 65 డాలర్లు చేతికిచ్చి, ఒక పాత బడి భవనంలో ఉంచారు. దీన్ని కూలి బకాయి కేసుగా మాత్రమే వదిలేయకుండా, సమాన ఉపాధి అవకాశాల కమిషన్ వైకల్య వివక్ష కేసుగానూ నడిపింది. 2013లో జ్యూరీ 24 కోట్ల డాలర్లు ఇవ్వాలని చెప్పింది. చట్టం విధించిన పరిమితి వల్ల అది 16 లక్షలకు, అంటే మనిషికి 50,000 డాలర్లకు పడిపోయిందన్నది చేదు నిజం. అయినా, తక్కువ కూలి ఇవ్వడం వైకల్య వివక్షేనని 2012లోనే జడ్జి తేల్చడం, వాళ్లను ఉంచిన తీరు కూడా వివక్షేనని సామాన్య పౌరులతో కూడిన జ్యూరీ అంగీకరించడం చిన్న విషయం కాదు. మన దగ్గర దీనికి రాజ్యాంగపు పునాది మరింత గట్టిది. కనీస వేతనంకన్నా తక్కువకు పనిచేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని 1982లో ఏషియాడ్ క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మన నగరం నుంచే వెళ్లిన ఒక కేసు ఇంకా దగ్గరి పాఠం చెబుతుంది. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒక ఉద్యోగికి రంగుల అంధత్వం ఉందని తేలింది. 2016లో వైద్య కారణాల మీద అతణ్ణి ఇంటికి పంపారు. ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇమ్మని అడిగితే నిరాకరించారు. హైకోర్టు సింగిల్ జడ్జి అతని పక్షాన నిలిచినా డివిజన్ బెంచి ఆ తీర్పును కొట్టివేసింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అతణ్ణి తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని, బకాయి జీతంలో 25 శాతం చెల్లించాలని ఆదేశించింది. ఈ తీర్పులో నన్ను ఆకట్టుకున్నది దాని ఆధారం. రంగుల అంధత్వం 2016 చట్టం పేర్కొన్న 21 వైకల్యాల జాబితాలో లేదు. అతణ్ణి కాపాడింది 1979 డిసెంబరు 17న యాజమాన్యానికి, కార్మిక సంఘాలకు మధ్య కుదిరిన ఒప్పందంలోని 14వ క్లాజు. రంగులు గుర్తించలేని డ్రైవరుకు జీతం తగ్గకుండా మరో పని ఇవ్వాలని ఆ రోజుల్లోనే యూనియన్ నాయకులు పట్టుబట్టి రాయించుకున్నారు. వికలాంగుల హక్కుల చట్టం అన్నదే దేశంలో లేని కాలంలో, ఒక కార్మిక సంఘం వైకల్య హక్కును వేతన ఒప్పందంలో పొందుపరిచింది.

ఆ డ్రైవరు కార్పొరేషన్ సొంత ఉద్యోగి. అదే డిపోలో ఊడ్చే ఔట్‌సోర్సింగ్ మహిళకు నడుము పడిపోతే? సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదనే 20వ సెక్షన్ రక్షణ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. ఆమె మా ఉద్యోగి కాదని సంస్థ అంటుంది, మాది ప్రభుత్వ సంస్థ కాదని ఏజెన్సీ అంటుంది. మరుసటి నెల హాజరు పట్టీలో ఆమె పేరు ఉండదు. తొలగించినట్టు కాగితం కూడా ఉండదు. ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో, పారిశుధ్య పనుల్లో ఈ నగరాన్ని నడుపుతున్నది ఇలాంటివారే. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. కూలి విషయంలో చట్టం ఏజెన్సీ ముసుగును అర్ధ శతాబ్దం కిందటే తీసేసింది. వైకల్యం విషయంలో ఆ ముసుగు అలాగే ఉంది. దాన్ని తీయించే వాదనను తెలంగాణ హైకోర్టులో నిలబెట్టడం ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైన పని అని నేను నమ్ముతున్నాను.

దీనికి కావలసిన సరంజామా నగరంలోనే ఉంది. ప్రజా స్థలాలు వికలాంగులకు అందుబాటులో ఉన్నాయో లేదో పరిశీలించే పనిని సుప్రీంకోర్టు అప్పగించింది మన నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానికే. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసు తీర్పు ఆ నివేదికను ఆధారం చేసుకుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ఉచిత న్యాయ సహాయానికి అర్హుల జాబితాలో వికలాంగులను, పారిశ్రామిక కార్మికులను రెండు పంక్తుల తేడాతో పేర్కొంది. పురానీ హవేలీలోని న్యాయ సేవా సదన్‌కు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా ఆ సహాయం అడగవచ్చు. కొత్త వేతనాల కోడ్ కింద కార్మికుడి తరఫున అతని యూనియనే క్లెయిమ్ వేయవచ్చు, గడువు ఆరు నెలల నుంచి మూడేళ్లకు పెరిగింది, చెల్లించామని రుజువు చేసే భారం యజమానిది. కార్మిక సంఘాలు ఆ క్లెయిమ్‌లో బకాయి లెక్కతో ఆగిపోకుండా, వైకల్యం కారణంగానే తక్కువ చెల్లించారన్న సంగతిని వాస్తవాలతో రాసిపెడితే, పై కోర్టుకు వెళ్లేనాటికి ఆధారం రికార్డులో ఉంటుంది. రికార్డులో లేని వివక్షను ఏ పెద్ద న్యాయవాదీ అప్పీలులో నిరూపించలేడు.

అంతకన్నా ముందు, ఔట్‌సోర్సింగ్ కార్మికుల యూనియన్లు తదుపరి కోర్కెల పత్రం తయారుచేసేటప్పుడు జీతం అంకె కింద మరో వాక్యం చేర్చవచ్చు. 1979 నాటి క్లాజు నమూనాగా కళ్లముందే ఉంది: పనిలో ఉండగా ఏ కారణం చేతనైనా వైకల్యం కలిగిన కార్మికుణ్ణి, శాతంతో నిమిత్తం లేకుండా, ఏజెన్సీ మారినా సరే, అదే వేతనంతో అతను చేయగలిగిన మరో పనిలో అసలు యజమాని కొనసాగించాలి.