గట్టెక్కిన పిల్లి

డెల్టాలో నీళ్ళు ఎటు పోవాలో 1852లోనే తేలిపోయింది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి, గోదారిని కాలవల్లోకి మళ్ళించి వెళ్ళాడు. ఇన్నేళ్ళయినా తేలని విషయం ఒకటి మిగిలిపోయింది: వంటగట్టు ఎవరు ఎక్కొచ్చు, ఎవరు ఎక్కకూడదు. ఇరిగేషన్ శాఖ దీని గురించి మాట్లాడదు. ఏ పంచాయతీలోనూ తీర్మానం చేసిన దాఖలా లేదు. కాబట్టి ఆ భారం ఈ వ్యాసమే నెత్తినేసుకుంటోంది.

మండువా లోగిళ్ళ రోజుల్లో ఈ గొడవ లేదు. కుక్క వీధి అరుగు దాటేది కాదు, కోడి పెరడు దాటేది కాదు. వంటిల్లు ఇంటికి ఆ చివరెక్కడో, మడి కట్టుకున్న అమ్మమ్మ కాపలాలో ఉండేది. ఇప్పుడు భీమవరంలోనైనా అమలాపురంలోనైనా కొత్తగా ఫ్లాటు కొంటే ఓపెన్ కిచెన్. తలుపు లేదు, గోడ లేదు, అమ్మమ్మ హాల్లో సీరియల్ చూస్తోంది. తలుపు పీకించింది మనం. పిల్లి దూరిందని తిట్టేదీ మనమే.

ముందు పిల్లి సంగతి చూద్దాం. పిల్లి ఎప్పుడూ శుచే అని మన స్మృతుల్లో ఒకచోట రాసి ఉంది. ఆ మాట రాసిన మహానుభావుడి ఇంట్లో గ్రానైట్ గట్టు ఉండి ఉండదు. పిల్లి తన ఒళ్ళు తానే నాక్కుని తళతళలాడిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పాదాలు మురిక్కాలవ చూసి, పక్కింటి పెంట చూసి, తను దొడ్డికెళ్ళే ఇసుక డబ్బాలో కాసేపు తవ్వి, అప్పుడు మన చపాతీ పిండి దగ్గరికొస్తాయి. ఆ డబ్బాలో ఉండే ప్రమాదం పేరు టాక్సోప్లాస్మా. ఆ క్రిమి సోకిన పిల్లి మలంలో పడే దాని గుడ్లలాంటివి మనకి అంటుకునే స్థితికి రావాలంటే ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే డబ్బా ఏ రోజుకారోజు ఎత్తిపోస్తే చాలామటుకు గండం గడిచినట్టే. గర్భిణులు మాత్రం ఆ పని పెట్టుకోకూడదని డాక్టర్లు చెప్తారు, కడుపులో బిడ్డకి చేరొచ్చు కాబట్టి. మన ఇళ్ళల్లో ఈ జాగ్రత్త ఎంత బాగా పాటిస్తారంటే, నెల తప్పిన కోడలికి బొప్పాయి ముక్క అందనివ్వరు, పైనాపిల్ పేరెత్తనివ్వరు. పిల్లి డబ్బా మాత్రం "వంగి పని చేస్తే కాన్పు తేలికవుద్దమ్మా" అని ఆవిడ చేతికే ఇస్తారు.

పోనీ పిల్లిని తరిమేద్దామంటే, ధాన్యం బస్తాలున్న ఇంట్లో ఆ ఉద్యోగం ఖాళీ అయిన మర్నాడే ఎలుక చేరుతుంది. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే ఎలుక జ్వరం వానాకాలంలో చేలల్లో తిరిగేవాళ్ళకి కొత్త కాదు. కాబట్టి పిల్లి ఉండాల్సిందే. వంటయ్యాక గట్టు తుడవడం మన అలవాటు. వంట మొదలెట్టే ముందు కూడా సబ్బునీళ్ళతో తుడవాలి. నైట్ డ్యూటీలో ఆ గట్టు మీద ఎవరు నడిచారో మనం చూడలేదు కదా.

కుక్క దగ్గర మన మర్యాదే వేరు. ఊరందరితో "ఆయ్, అలాగేనండి" అనే మనిషి కుక్కతో మాత్రం ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. కూర్చోమంటే కూర్చుంటుంది, షేక్‌హ్యాండ్ ఇమ్మంటే ఇస్తుంది. ఇంత చదువుకున్న కుక్కకి తన గిన్నె తోముకోవడం రాదు. దాంతో ఆ గిన్నె మన కంచాలతో కలిసి సింకులో పడుతుంది, మన కంచాలు తోమిన పీచే దానికీ. గిన్నె అడుగున వేలికి తగిలే ఆ జిగురు ఉందే, అది బాక్టీరియా కట్టుకున్న కాలనీ. దాన్ని ఖాళీ చేయించాలంటే రోజూ వేడినీళ్ళు, సబ్బు, విడిగా ఒక పీచు కావాలి. కోనసీమలో కొబ్బరిపీచుకి కరువొచ్చిందా అండీ?

కుక్కకి ఏం పెడతామన్నది ఇంకో కథ. పులస పులుసు ఎవరూ పొరపాటున కూడా పెట్టరు, ధర గుర్తుంటుంది. మిగతా కూరల అడుగులన్నీ దానికే. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకీ పిల్లులకీ విషంతో సమానం, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. ఎంత నిష్ఠగల ఇంట్లోనైనా ఈ రెండూ బంద్ అయ్యేది కార్తీక మాసంలోనే. కుక్క ఆరోగ్యం కూడా ఏడాదికి ఆ నెల రోజులే.

ఇక అసలు వీఐపీ దగ్గరికొద్దాం. పందెం కోడిని పెంపుడు జంతువు అనకూడదు, యజమాని నొచ్చుకుంటాడు. జంతుహింస నివారణ చట్టం 1960 నుంచి వద్దంటూనే ఉంది, సంక్రాంతి రమ్మంటూనే ఉంది. ఇంట్లో పిల్లాడికి పల్లీ ఉండ, కోడికి బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, మటన్ ఖీమా. ఆ ఖీమా కొట్టేది ఏ చెక్క మీదనుకున్నారు? కాసేపాగి దాని మీదే కొత్తిమీర తరుగుతారు. చూడ్డానికి నిగనిగలాడే కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు జనం చికెన్ కొట్టు వైపే చూడ్డం మానేశారు. డేగ రకం పందెం కోడిని చంకలో పెట్టుకుని వంటింట్లో కాఫీ తాగే పెద్దమనిషిని అడిగితే, "రోగం ఫారం కోడికండి. దీని జాతకం మేం చూశాం కదా!" అంటాడు.

ఇన్ని నేరారోపణలు చేశాక నిజం కూడా చెప్పాలి. ఆదివారం పచ్చి చికెన్‌ని కుళాయి కింద పెట్టి జోరుగా కడిగేది కుక్క కాదు. ఆ తుంపర్లతో సింకు చుట్టూ ఉన్న కంచాలకీ గ్లాసులకీ క్రిములు చేరతాయి. బాగా ఉడికితే చచ్చే క్రిముల్ని కడిగి మరీ బతికిస్తున్నాం. పొద్దున వండిన రొయ్యల కూర మే నెల ఉక్కలో సాయంత్రం దాకా గట్టు మీదే ఉంచేదీ పిల్లి కాదు. వండింది రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. అన్నిటికీ మించి మసిగుడ్డ. వేడి గిన్నె దించడానికి అదే, గట్టు తుడవడానికి అదే, చేపలు కడిగిన చెయ్యి తుడుచుకోవడానికీ, ఆనక కంచం తుడవడానికీ అదే. దానికి తోక లేదు కాబట్టి ఎవరూ కర్ర పట్టుకుని తరమరు.

ఇవన్నీ కాగితం మీద పెట్టి మా వీధి ఆడవాళ్ళ చీటీపాటలో చదివి వినిపించాను. కుక్క గిన్నె వరండాలోకి మార్చాలి అంటే అందరూ సరే అన్నారు. పిల్లి డబ్బా ఇంటి మగాళ్ళు ఎత్తాలి అంటే చప్పట్లు కొట్టారు. పందెం కోడి సంగతి పండగయ్యాక చూద్దామన్నారు. మసిగుడ్డని రోజూ మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరెయ్యాలి, పాతబడితే పారెయ్యాలి అన్న దగ్గర మాత్రం సభ వేడెక్కింది.

"దాని జోలికి రాకండి మాస్టారూ," అంది మూడో ఇంటావిడ. "మావయ్యగారి పంచె చించి మా అత్తగారు ఇచ్చిన ముక్కండి అది. దానికేమొచ్చిందనీ, ఇంకా గట్టిగానే ఉంది."