స్వాహిలీ తీరాన్ని ఎవరు కట్టారట?

మనవాళ్ల ట్రావెల్ వీడియోల్లో తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ తీరం, అంటే కెన్యా, టాంజానియా వైపున్న లాము, మొంబాసా, జాంజిబార్ పాత మేడలు చూపిస్తూ "ఇవన్నీ అరబ్బులు కట్టినవి ఫ్రెండ్స్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే ఒళ్లు మండుతుంది. పాపం వాళ్లననీ లాభం లేదు. బ్రిటిష్ కాలంలో చాలామంది చరిత్రకారులు రాసిపెట్టిందీ అదే. ఆఫ్రికావాళ్లు రాతి ఊళ్లు కట్టారంటే వాళ్లకు మింగుడుపడలేదు.

కానీ లాము పక్కనున్న షాంగాలో తవ్విచూస్తే రాతి మసీదు కింద అంతకంటే పాత మసీదులు బయటపడ్డాయి, ఒకదాని కింద ఒకటి. అన్నిటికంటే అడుగున ఉన్నవి కర్రతో కట్టినవి. అంటే ఊరు ఉన్నచోటే మెల్లగా ఎదిగింది, ఎవరో ఓడలో తెచ్చి దింపింది కాదు. 1331లో ఇదే తీరంలోని కిల్వా (ఇప్పటి టాంజానియాలోది) చూసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బటూటా కూడా ఊరు చాలా అందంగా ఉందని, జనంలో ఎక్కువమంది నల్లవాళ్లేనని రాశాడు.

అలాగని బయటివాళ్లు రాలేదనీ కాదు. "మా పెద్దలు షిరాజ్ (పర్షియా, అంటే నేటి ఇరాన్‌లోని ఊరు) నుంచి వచ్చారు" అని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటుంటే చాలామంది పండితులు కట్టుకథ అని కొట్టిపారేశారు. 2023లో పాత సమాధుల్లోని 80 మంది డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. తల్లుల వైపు ఎక్కువగా ఆఫ్రికా, తండ్రుల వైపు చాలామందికి పర్షియా! వెయ్యేళ్ల కిందటే కలిసిపోయిన కుటుంబాలవి. మాట్లాడే స్వాహిలీ మాత్రం ఆఫ్రికాకు చెందిన బంటూ కుటుంబపు భాషే, అరబ్బీ మాటలు ఎన్ని కలిసినా.

మేడల విషయంలో క్రెడిట్ అంతా బయటివాళ్లకి. మనుషుల దగ్గరికొచ్చేసరికి అంతా ఉల్టా, బయటినుంచి వచ్చినవాళ్లంటే గుర్తింపే లేదు. మొజాంబిక్ నుంచి చెరకు, సిసల్ (తాళ్లకు నార ఇచ్చే మొక్క) తోటల పనికొచ్చిన మకొండే తెగవాళ్ల పిల్లలు, మనవలు కెన్యాలోనే పుట్టినా వాళ్లకు గుర్తింపు కార్డు ఉండేది కాదు. కార్డు లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, సరైన ఉద్యోగం లేదు. 2016 అక్టోబరులో వాళ్లు తీరంలోని క్వాలే నుంచి రాజధాని నైరోబీకి కాలినడకన బయల్దేరితే గానీ ప్రభుత్వం కదల్లేదు. తర్వాత వాళ్లు కెన్యా ప్రభుత్వం గుర్తించిన 43వ తెగ అయ్యారు. 2017 జూలైలో అక్కడి భారతీయ సంతతివాళ్లు 44వ తెగ. ఆగస్టులో ఎన్నికలు, అది వేరే సంగతి లెండి.

పెంబా జాలర్ల సంగతి మరీ అన్యాయం. వాళ్ల పెంబా దీవి (ఇప్పుడు టాంజానియాలోది) ఒకప్పుడు జాంజిబార్ సుల్తాన్‌ది. 1963 దాకా కాగితాల మీద మొంబాసా తీరం కూడా ఆ సుల్తాన్‌దే! అదే తీరంలో చేపలు పట్టుకుని బతికే ఈ జనం కెన్యా పౌరులని ఒప్పుకోవడానికి 2023 దాకా పట్టింది.