క్రిస్మస్ ఆనవాయితీ: పని చేతులు మారితేనే నిలుస్తుంది

తమ ఇంటి క్రిస్మస్ పద్ధతులు తాతముత్తాతల నాటివని ఏ కుటుంబమైనా గర్వంగా చెప్పుకుంటుంది. కాస్త వెనక్కి వెళ్లి చూస్తే వాటిలో చాలావరకు అంత పాతవి కావు. రోమ్‌లో డిసెంబర్ 25న క్రీస్తు జయంతిని పాటించినట్టు క్రీ.శ. 336 నాటికే ఆధారం దొరుకుతున్నా, ఇంట్లో చెట్టు పెట్టి పిల్లలూ పెద్దలూ దాని చుట్టూ చేరే పండుగ జర్మన్ ప్రాంతాలు దాటి విస్తృతంగా పాకింది 19వ శతాబ్దంలోనే. విక్టోరియా రాణి కుటుంబం విండ్సర్ కోటలో అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను 1848లో ఒక లండన్ వారపత్రిక అచ్చువేశాక, బ్రిటన్ మధ్యతరగతి ఇళ్లు దాన్ని చూసి నేర్చుకున్నాయి. అంతకు ఐదేళ్ల ముందు హెన్రీ కోల్ అనే బ్రిటిష్ అధికారి తొలి వాణిజ్య క్రిస్మస్ కార్డును ముద్రింపజేశాడు. అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేకనే ఆ పని చేశాడని చెబుతారు. తీరిక లేక ఎంచుకున్న అడ్డదారి కొన్ని దశాబ్దాల్లోనే తప్పనిసరి మర్యాదగా మారిపోయింది!

కాబట్టి ఆనవాయితీకి బలం దాని వయసులో లేదు. పేరు మారినా, తేదీ మారినా అది బతకగలదు. సోవియట్ పాలనలో మతపరమైన పండుగకు గుర్తుగా తిరస్కారానికి గురైన చెట్టు, 1935 చివర్లో నూతన సంవత్సరపు చెట్టుగా మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. ఉక్రెయిన్ 2023లో చట్టం చేసి క్రిస్మస్ సెలవును జనవరి 7 నుంచి డిసెంబర్ 25కి మార్చుకుంది. ఇంతటి మార్పులకు తట్టుకున్నవే, ఒక్కోసారి ఇంట్లో ఒక మనిషి కన్నుమూయగానే ఆగిపోతాయి. అసలు ఆలోచించవలసింది దీని గురించే.

పండుగ వెనుక ఎంత చాకిరీ ఉంటుందో, దాన్ని ఎవరు చేస్తారో పండుగ జరుగుతున్నంత కాలం ఎవరికీ పట్టదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త మైకేలా డి లియోనార్డో ఉత్తర కాలిఫోర్నియాలోని ఇటాలియన్ అమెరికన్ కుటుంబాలను పరిశీలించి, కార్డులు పంపడం, ఫోన్లు చేయడం, అందరినీ ఒకచోట చేర్చడం వంటివన్నీ బంధుత్వాన్ని నిలబెట్టే శ్రమేననీ, ఆ భారం ఎక్కువగా స్త్రీల మీదే పడుతోందనీ 1987లో రాశారు. ఆ మాట ఇప్పటికీ చాలా ఇళ్లకు వర్తిస్తుంది. అలంకరణ సామగ్రి పెట్టెనే తీసుకోండి. పాత కాగితాల్లో చుట్టిన గాజు బంతులు, తుప్పు పట్టిన కొక్కేలు, మెడ విరిగినందున పగులు కనిపించకుండా గోడవైపు తిప్పి కట్టవలసిన ఒక దేవదూత బొమ్మ. ఏది ఎవరు ఇచ్చారో, ఏ కొమ్మకు ఏది కట్టాలో ఒక్క అమ్మమ్మకే తెలుసు. ఆమె తరువాత పెట్టె అటక మీద భద్రంగానే ఉంటుంది, దించేవారే ఉండరు. అంతవరకూ పిల్లలు ఆ పండుగకు ప్రేక్షకులుగానే ఉన్నారు మరి.

దీనికి భిన్నంగా, చదవడం అప్పుడప్పుడే వచ్చిన పిల్లవాడి చేతికి బైబిలు ఇచ్చి, క్రీస్తు పుట్టుక కథ ఉన్న లూకా సువార్త రెండో అధ్యాయం చదివించే ఇళ్లుంటాయి. రెండో వచనంలో ‘కురేనియు’ అనే పేరు దగ్గర వాడు తడబడతాడు, పక్కనున్న అక్క నవ్వుతుంది, తాతయ్య మెల్లగా అందిస్తాడు. ఆ తాతయ్యే చదివి ఉంటే ఎంతో శ్రావ్యంగా ఉండేదనడంలో సందేహం లేదు. అయినా మరో ముప్పై ఏళ్ల తరువాత ఆ ఇంట్లో ఆ పఠనం కొనసాగే అవకాశం ఈ తడబాటు వల్లే పెరుగుతుందని నా అభిప్రాయం.

ఇక్కడ పెద్దల వైపు నుంచి ఒక చిక్కు ఉంది. ‘నేను చేసినట్టు ఎవరూ చేయలేరు’ అన్న మాటలో నిజం ఉండవచ్చు గానీ, ఆ మాట పట్టుకుని పని వదలని వారే ‘ఈ తరానికి శ్రద్ధ లేదు’ అని నిందించడం న్యాయం కాదు. పని అప్పగించడమంటే అది కొన్నేళ్లపాటు వంకరగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా. కూతుళ్లకు మాత్రమే అప్పగించి కొడుకులను అతిథుల్లా కూర్చోబెట్టే ఇల్లు, తన ఆనవాయితీకి ఉన్న వారసుల్లో సగం మందిని తానే దూరం చేసుకుంటోంది.

పెళ్లిళ్లతో ఈ వ్యవహారం మరింత జటిలమవుతుంది. ఒకరి పుట్టింట్లో కానుకలు 24 సాయంత్రమే విప్పుతారు, మరొకరి ఇంట్లో 25 ఉదయం దాకా ముట్టుకోనివ్వరు. కొత్త జంట ఒక పూటను ఎంచుకోవాలి, లేదా రెండింటినీ కలిపి మూడో పద్ధతి ఏర్పరచుకోవాలి. ఏది చేసినా రెండిళ్లలో ఒకరికి నొప్పి తప్పదు. ఈ సర్దుబాటును సంప్రదాయ భంగంగా చూసే అత్తమామలు, తాము కాపురం పెట్టిన కొత్తలో ఇలాంటిదే ఏదో ఒక రాజీకి వచ్చి, ఆ రాజీనే తమ పిల్లలకు ‘మన ఇంటి పద్ధతి’గా నేర్పిన సంగతి సాధారణంగా మరిచిపోతుంటారు.